సాబిర్ చాచా డ్రమ్ములో వాన

"...అందుకే చెప్తున్న, ఈ ఇంట్ల ఆ డ్రమ్మన్న ఉండాలె, నేనన్న ఉండాలె. ఏది ఉంచుకుంటవో నువ్వే చెప్పు."

"ఇప్పుడే చెప్పాల్నా?"

"ఇప్పుడే."

"జర ఆగు ఖమర్. చందూలాల్ ఇంటికి నిన్న చుట్టాలు దిగిండ్రు. ముందు పోయి ఏమన్న మిగిలిందేమో చూసొస్త. వచ్చినంక చెప్త."

గోడకు ఇవతల పళ్ళు తోముకుంటున్న నేను కొంత పళ్ళపొడి మింగాను. టేకులపల్లిలో సాబిర్ చాచా ఇంటి ముందు గదిలో కిరాయికి ఉన్నన్నాళ్ళూ నాకు గడియారం అక్కర్లేకపోయింది. ఆ ఇంటి గొడవ తెల్లవారగానే లోపల ఉర్దూలో మొదలయ్యేది. చాయ్ అయ్యాక వాకిట్లోకి వచ్చి తెలుగులోకి మారేది. సగం అర్థమైన గొడవ వల్ల పరువు పోవడమే తప్ప న్యాయం జరగదని ఖమరున్నీసా చాచీ అభిప్రాయం. అందుకని వాడకంతా అర్థమయ్యేలా, ఆగి ఆగి, మంచి తెలుగులో తిట్టేది. ఆ రోజు గొడవ ఉర్దూ లేకుండా నేరుగా తెలుగులోనే మొదలైంది. విషయం ముదిరిందని అప్పుడే అనుకున్నాను.

సాబిర్ చాచాకు ఉన్నది ఒకటే అలవాటు. ఎవరు ఎదురైనా "ఏమన్న మిగిలిందా?" అని అడిగేవాడు. పలకరింపు అదే, పరామర్శ అదే, వీడ్కోలూ అదే. మిగిలింది అంటే తిండి. మామిడి టెంకలు, అరటి తొక్కలు, పాచిపోయిన అన్నం, పులిసిన పప్పు, పుచ్చు వంకాయలు. అవన్నీ అతనికి కాదు, అతని పెరట్లో డ్రమ్ములో ఉన్న పురుగులకు. పురుగులు అన్న మాట మాత్రం అతని నోట ఎప్పుడూ వినలేదు. "మావాళ్ళు" అనేవాడు.

నేను పశువుల దవాఖానాలో కాంపౌండర్‌గా చేసేవాణ్ణి. ఒకసారి మా డాక్టరుగారు జీపులో వచ్చి, నా గదిలో కూర్చుని ఇడ్లీ తింటున్నారు. చాచా గుమ్మంలో నిలబడి, వినయంగా సలాం చేసి, మిగిలిందా అని అడిగాడు. తెల్లని గడ్డం, చిరుగుల లాల్చీ చూసి డాక్టరుగారి మనసు కరిగింది. ప్లేటులో ఉన్న ఇడ్లీలన్నీ ఇచ్చేశారు. చాచా వాటిని డబ్బాలో వేసి మూత పెట్టి, "అల్లా మీకు బరకత్ ఇయ్యాలె సార్. మావాళ్ళకు ఇడ్లీ అంటే పానం" అన్నాడు. అతను వెళ్ళాక డాక్టరుగారు ఈ ముసలాయనకు పిల్లలెంతమంది అని నన్నడిగారు. నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదన్నాను.

పెళ్ళిళ్ళలో జనం వంటల వైపు నడిస్తే చాచా విస్తళ్ళు పారేసే వైపు నడిచేవాడు. ఎవరైనా చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెడితే తినేవాడు గానీ, చూపు పక్కవాడి విస్తరి మీదే. "ఆ లడ్డు తింటవా, వదిలేస్తవా? ఏదో ఒకటి ముందే చెప్పు బిడ్డా" అని మెల్లగా అడిగేవాడు. అడిగించుకున్నవాడికి ఆ లడ్డు ఇక గొంతు దిగేది కాదు.

ఎదురింటి రామ్‌సింగ్ ఫారెస్టు వాచర్. అతని తండ్రి దినం నాడు చాచా చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. ఈ ఒక్క రోజుకైనా నోరు అదుపులో పెట్టుకున్నాడని అందరం సంతోషించాం. వెళ్ళేముందు రామ్‌సింగ్ భుజం మీద చెయ్యి వేసి, పెద్దాయన మంచి మనిషనీ, ఎవరమూ ఇక్కడ ఉండిపోయేవాళ్ళం కాదనీ ఓదార్చాడు. కాసేపు ఆగాడు. మళ్ళీ ఆగాడు. "మరి వంటలు జర ఎక్కువ చేసినట్టున్నరు" అన్నాడు.

వృత్తికి అతను కళాయివాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో రాగి, ఇత్తడి గిన్నెలన్నిటికీ లోపల తెల్లని తగరం పూత అతని చేతిదే. గిన్నె చేతికివ్వగానే, ఇచ్చిన మనిషి ముఖం కంటే ముందు గిన్నె లోపలికి చూడటం అతనికి అలవాటు. తర్వాత స్టీలు గిన్నెలొచ్చాయి. హోటళ్ళ డేగిసాలు తప్ప అతనికి పని మిగల్లేదు. కొలిమి ఆరిపోయిన తర్వాత కూడా, మూత కనిపిస్తే తీసి లోపలికి చూడకుండా ఉండలేకపోయేవాడు.

డ్రమ్ము కథ దమ్మపేటలో మొదలైంది. అక్కడ బట్టల దుకాణం నడిపే ఆజం, చాచీకి అన్న. అతని కొడుకు పెళ్ళిలో మిగిలిన పులావును చాచా రెండు బకెట్లలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. దారిలోనే అది పులిసింది. బస్సులో అతని చుట్టూ సీట్లన్నీ ఖాళీ అయ్యాయి. ఇంటికి రాగానే పారేయమంది చాచీ. పారేయడానికి చెయ్యి రాక, పెరట్లో ఉన్న చిల్లుల నూనె డ్రమ్ములో పోసి, పైన రేకు కప్పి, మరిచిపోయాడు. వానలు పట్టాయి. వానలు వెలిశాక రేకు తీసి చూస్తే పులావు లేదు. అడుగున నల్లని మెత్తని పొడి, అందులో చిక్కుడు గింజలంత పురుగులు వేలకు వేలు, తాపీగా మెసులుతున్నాయి.

ఇంకొకరైతే కిరసనాయిలు పోసేవాళ్ళు. చాచా పీట వేసుకుని డ్రమ్ము పక్కనే కూర్చున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు.

ఆ పురుగుల తల్లి ఒక నల్లని ఈగ. చూస్తే కందిరీగలా ఉంటుంది గానీ కుట్టదు. ఇంట్లోకి రాదు, అన్నం మీద వాలదు. డ్రమ్ము అంచున గుడ్లు పెట్టి నాలుగు రోజుల్లో పోతుంది. "తినదు, కుట్టదు, ఒకల జోలికి పోదు. మనకన్న షరీఫ్ జాతి" అనేవాడు చాచా. అవి చేరాక మామూలు ఈగలు ఆ పెరటికి రావడం తగ్గించాయన్నది నిజం. చాచీ మాత్రం అవి తన ఫినాయిలుకు భయపడి పోయాయనేది.

తర్వాత అతను తన పనితనమంతా చూపించి కొత్త డ్రమ్ము తయారుచేశాడు. అడుగు నుంచి అంచు దాకా లోపల ఏటవాలుగా ఒక రేకు బాట. కడుపు నిండి పెరిగిన పురుగు నల్లబడి, ఇక తిండి వద్దనుకుని పొడి చోటు వెతుక్కుంటూ ఆ బాట వెంట తనంతట తానే పైకి నడిచేది. అంచు దాటగానే కింద కోళ్ళు. ఆ కోళ్ళు బస్సు కోసం నిలబడ్డ జనంలా మెడలు చాచి పొద్దంతా అక్కడే ఉండేవి. అడుగున చేరిన నల్లని ఎరువు సొరపాదుకు పోయేది. ఆ పాదు పందిరిని కప్పేసి ఇంటి కప్పు మీదికి పాకింది. తన చెయ్యి మంచిది గనుక పెరిగిందని చాచీ చెప్పుకునేది.

వాడలో ఇంటింటికీ ఒక డాల్డా డబ్బాకు మూత అతికి ఇచ్చాడు. పొద్దున్నే బకెట్టుతో బయలుదేరి, గడప ముందు పెట్టిన డబ్బా మూత తీసి, లోపలికి చూసి, బకెట్టులో ఒంపుకునేవాడు. ఎవరింట్లో నిన్న ఏం వండారో అతనికి తెలియనిది లేదు. అత్తకు తెలియకుండా కోడలు వండుకున్న కోడిగుడ్డు కూర కూడా తెలుసు. ఎవరెంత అడిగినా చెప్పేవాడు కాదు. చెప్పేది తన పురుగుల పట్టింపులే. మావాళ్ళు కూరలో బొక్కలు ముట్టరు. నిమ్మతొక్క పడదు. పచ్చి ఆకులంటే అసలే గిట్టదు. నేను తెలియక ఒకసారి గోంగూర కాడలు, ముదురాకులు వేస్తే, ఒక్కొక్కటే ఏరి నా గోడ మీద వరసగా ఆరేసి, "కాంపౌండర్ సాబ్, ఇవి మీయి" అన్నాడు.

ఇదంతా పిచ్చి అని వాడ ఎందుకు అనుకోలేదంటే, అనుకుంది. కానీ డ్రమ్ములో వాన ఉండేది.

వేసవి మధ్యాహ్నం ఆ ఊళ్ళో ఆకు కదలదు. అడవి వైపు నుంచి ఎండిన టేకాకుల వాసన, ఎక్కడో రాలుతున్న ఇప్పపూల తీపి కలిసి వస్తాయి. అలాంటప్పుడు డ్రమ్ము పక్కన నులకమంచం వేసుకుని పడుకుంటే, లోపల అన్ని వేల నోళ్ళు తింటున్న చప్పుడు సన్నగా వినిపించేది. టేకాకుల మీద తుంపర పడుతున్నట్టే ఉండేది. వింటూ ఉంటే అది గట్టివానై, దూరమై, మళ్ళీ దగ్గరయ్యేది. కళ్ళు మూతలు పడేవి. ఎండలో వాన కల వచ్చేది. ఏవగించుకుంటూ వచ్చినవాళ్ళు కూడా చెవి అటు పెట్టి, మాట మధ్యలోనే నిద్రపోయేవారు. నేను దవాఖానాకు ఆలస్యమైన మధ్యాహ్నాలు అన్నీ ఆ వానవే. లేచి చూస్తే చొక్కా తడవలేదేమని ఒక్క క్షణం అనుమానం వచ్చేది.

అందరికంటే ఆ వాన ఆజంకు ఎక్కువ పట్టింది. చెల్లెలు కబురు పెట్టినప్పుడల్లా అతను దమ్మపేట నుంచి కోపంగా వచ్చేవాడు. తాడో పేడో తేల్చి చెల్లెల్ని వెంట తీసుకుపోతానని గుమ్మంలోనే చెప్పేవాడు. బావను నిలదీయడానికి పెరట్లోకి వెళ్ళి మంచం మీద కూర్చునేవాడు. రెండు మాటలు అడిగేవాడు. మూడో మాటకు గురక. కొత్తగూడెం బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయేది. రాత్రి భోజనం చేసి, పొద్దున్నే సిగ్గుపడుతూ మొదటి బస్సుకు పోయేవాడు.

చాచీ కోపానికి అసలు కారణం పురుగులు కాదు, గుడ్లు. అంత తిండి తిని నిగనిగలాడే కోళ్ళు ఉన్నాయి. పొద్దున ఆమె లేచి గంప ఎత్తి చూస్తే ఒక్కోరోజు ఒక్క గుడ్డు కూడా ఉండేది కాదు. చాచా తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచేవాడు. ఆమె కంటే ముందు గంప దగ్గరికి వెళ్ళేది అతనొక్కడే. అడిగితే, "పెడ్తలేవు. తిని కూసుంటున్నయి" అనేవాడు. చివరికి ఆమె నన్ను పిలిచి కోళ్ళను చూడమంది. ఒక కోడిని పట్టుకుని పొట్ట తడిమితే గుడ్డు వేలికి తగులుతోంది. చాచీ వెనక నిలబడి చాచా రెండు చేతులూ జోడించి నన్నే చూస్తున్నాడు. ఎండలకు ఒక్కోసారి ఇలా అవుతుందని ఏదో గొణిగి వచ్చేశాను. చాచీ నా మాట నమ్మలేదు. ఆ రోజే ఆమెకు నిజం తెలిసిపోయింది, అంటే తెలిసిందనుకుంది. ఈయన గుడ్లు కూడా పగలగొట్టి ఆ పురుగులకే పోస్తున్నాడు.

"ఇంట్ల మనిషికి గుడ్డు లేదు, పురుగులకు గుడ్డు" అని ఆమె వాకిట్లో నిలబడి తెలుగులో చెప్పినప్పుడు వాడంతా ఆమె పక్షమే అయింది. హోలీకి ఆజం వస్తాడు. ఆలోపల డ్రమ్ము పోకపోతే తాను పోతుంది. అదే ఆ పొద్దుటి గొడవ. హోలీ మర్నాడే.

వచ్చి చెప్తానన్న చాచా బకెట్టు పట్టుకుని చందూలాల్ ఇంటికి పోయాడు. చందూలాల్ బడిలో చప్రాసీ. అతనికి మనవడు పుట్టాడు. కొత్తగా పుట్టిన మగపిల్లవాడికి హోలీ నాడు లంబాడీలు తండా అంతా చేరి ధూండ్ అనే వేడుక చేస్తారు. బంధువులు దిగారు. వాళ్ళ కోసం చందూలాల్ ఇంటి వెనక సారా కాయడానికి పెద్ద కుండలో ఇప్పపువ్వు నానబెట్టాడు. అది బాగా పులిసి, ఇక పొయ్యి మీదికి ఎక్కడమే తరువాయి అన్న సమయానికి వాడ మొదట్లో జీపు కనిపించింది.

గవర్నమెంటు నౌకరీ ఉన్న మనిషికి జీపు కనిపిస్తే ఆలోచన రాదు. ఆబ్కారీ వాళ్ళే అనుకున్నాడు చందూలాల్. కుండ ఎత్తుకుని ఇల్లంతా తిరిగాడు. ఎక్కడ పోద్దామన్నా వాసన. అప్పుడే గుమ్మంలో, "ఏమన్న మిగిలిందా?" అని వినిపించింది.

"మిగిలింది చాచా. మస్తు మిగిలింది" అన్నాడు చందూలాల్. కుండ మొత్తం బకెట్టులో బోర్లించి, పైన నాలుగు రొట్టె ముక్కలు పరిచాడు.

అంత బరువు బకెట్టు తనకెప్పుడూ దొరకలేదని చాచా తర్వాత చెప్పాడు. వాసన తెలియలేదా అంటే, పండుగ వాసన అనుకున్నాడట. తెచ్చి డ్రమ్ములో పోసి, ఆ సంతోషంలో చాచీకి చెప్పాల్సిన జవాబు మరిచిపోయి బజారుకు పోయాడు. జీపు మాత్రం మా డాక్టరుగారిది. పిల్లలు ఎక్కువగా ఉన్న ఆ ముసలాయనకు ఇవ్వమని ఇడ్లీల పొట్లం నా చేతికిచ్చి వెళ్ళారు.

హోలీ నాడు తెల్లవారుజామున పెరట్లో నేల నడుస్తోంది.

నేను చూసింది అదే. సన్నగా మంచు పట్టి ఉంది. ఆ మసక వెలుతురులో ఎవరో బస్తాల కొద్దీ బియ్యం ఒలకబోసినట్టు, ఆ బియ్యం లేచి మెల్లగా ఎటో ప్రయాణం కట్టినట్టు ఉంది. రేకు బాట ఒక్కటే కాదు, డ్రమ్ము గోడల వెంట కూడా పాకి బయటపడ్డాయి. పులిసిన ఇప్పపువ్వు వేడికి ఆగలేక చిన్నా పెద్దా అన్నీ వలస బయలుదేరాయి. తొందర లేదు. తోపులాట లేదు. వాకిలి దాటి, వీధి దాటి, రామ్‌సింగ్ ఇంటి వైపు పారుతున్నాయి. కోళ్ళు కాసేపు తిని, ఇక తినలేక, దారి వదిలి పక్కన నిలబడ్డాయి.

వాటి వెనకాల చాచా చాట పట్టుకుని వంగి వంగి నడుస్తున్నాడు. "రండ్రి, వాపస్ రండ్రి. నా తప్పే" అంటున్నాడు.

చాచీ లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె సర్దుకుంది.

మధ్యాహ్నానికి వాడంతా చాచా వాకిట్లో, సొర పందిరి కింద చేరింది. ముఖాల మీద హోలీ రంగులుండటం వల్ల ఎవరి కోపమూ సరిగ్గా కనిపించడం లేదు. ఆజం వచ్చి డ్రమ్ము పక్కన మంచం మీద కూర్చున్నాడు. డ్రమ్ములో చప్పుడు లేదు. చాలా ఏళ్ళలో మొదటిసారి ఆజం ఆ మంచం మీద మెలకువగా ఉన్నాడు. ఆ నిశ్శబ్దం అతనికి కూడా కొత్తగా ఉన్నట్టుంది, మాటిమాటికీ డ్రమ్ము వైపు చూస్తున్నాడు. చాచీ గుమ్మంలో పెట్టె మీద కూర్చుంది.

డ్రమ్మును వాగు అవతల పారేయాలన్నది ముందే నిర్ణయమైపోయింది. అందరూ తమ తమ డాల్డా డబ్బాలు తెచ్చి చాచా ముందు పెట్టారు. చాచా కొలిమి ముందు కూర్చున్నట్టు గొంతుక్కూర్చుని, వచ్చిన డబ్బానల్లా మూత తీసి లోపలికి చూసి పక్కన పెడుతున్నాడు. చందూలాల్ అందరి వెనకాల నిలబడ్డాడు.

రామ్‌సింగ్ లేచాడు. వాకిట్లోకి వస్తే ఊరుకునేవాణ్ణనీ, తన కోడిగంపలోకి పురుగులు పోవడం మాత్రం సహించేది లేదనీ అన్నాడు.

"నీకు కోడెక్కడిది రామ్‌సింగన్నా?" అన్నాడు చందూలాల్, ఇంతసేపటికి నోరు విప్పి.

నిజమే. ఆ ఇంట్లో కోడిని ఎవరూ చూడలేదు. రామ్‌సింగ్ కాసేపు మీసం సవరించుకున్నాడు.

"నాది కాదు. ఎవలదో" అన్నాడు. "దసరా ఎనక నేను జొరంతోని మంచాన పడ్డ కదా. వండేటోల్లు లేరు. పొద్దుగాల తలుపు తీస్తే గడప మీద గుడ్లు. రోజూ గంతే. ఏదో కోడికి నా గడప నచ్చిందనుకున్న. నేను లేసి డ్యూటీకి పోవుడు మొదలువెట్టినంక అది పెట్టుడు బందు చేసింది. అలిగిందేమో అని గంప పెట్టిన. వారం వారం కొత్త గడ్డి పరుస్తున్న."

వాడ నవ్వింది. ఫారెస్టు వాచర్ నాలుగైదు నెలలుగా కనిపించని కోడిని బతిమాలుతున్నాడు.

"కోడి ఎక్కడన్న గడప మీద జోడు జోడుగ పెడ్తదా అన్నా?" అన్నాడు చందూలాల్ నవ్వుతూనే.

"జోడని నేనన్ననా?"

చందూలాల్ నవ్వు ఆగింది. పోయిన వానాకాలం భార్య మంచం పట్టినప్పుడు తన గడప మీద కూడా దొరికాయనీ, ఎవరి కోడో దారి తప్పి పెట్టిందనుకుని, అడుగుతారేమోనని పెంకులు దూరంగా పాతిపెట్టాననీ నేల చూస్తూ చెప్పాడు. ఇంకెవరో వెనకాల దగ్గారు. అందరూ ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. రంగులున్నాయి గనుక సరిపోయింది.

అప్పుడు మంగ్లి ముందుకు వచ్చింది. వాడ చివర ఉంటుంది. తునికాకు కోత కాలంలో తప్ప ఆమెకు పని దొరకదు. భర్త పని వెతుక్కుంటూ పోయి ఇంకా తిరిగి రాలేదు. చేతిలో డబ్బా ఉంది.

"డబ్బ వాపస్ ఇయ్యమన్నరు, తెచ్చిన" అని చాచా ముందు పెట్టింది. చాచా ఆ డబ్బా మూత మాత్రం తీయలేదు. చెయ్యి దాని మీదే పెట్టి ఉంచాడు.

ఆమె వెళ్ళబోయి ఆగింది. "ఒకటి అడుగుత. డ్రమ్ము పోతే చాచా బకెట్టు పట్టుకొని రాడు కదా. మరి ఎవలింట్ల పొయ్యి ముట్టలేదో ఎట్ల తెలుస్తది?"

ఆమె చాచా చేతి కింద ఉన్న తన డబ్బా వైపు చూసింది.

"వండితే కదా తొక్కలు. ఖాళీ డబ్బ పెడ్తే ఇజ్జత్ పోతదని నేను చెట్టాకులు దూసి పెడ్తుంటి. చాచా మూత తీసి చూస్తడు. మావాళ్ళకు పచ్చాకంటే మస్తు ఇష్టం బిడ్డా అని బకెట్ల పోసుకుంటడు. తెల్లారి చూస్తే గడప మీద గుడ్లుంటయి."

నా గోడ మీద వరసగా ఆరేసిన గోంగూర కాడలు నాకు గుర్తొచ్చాయి.

చాచీ పెట్టె మీంచి లేచింది. మొగుడి ముందుకు వచ్చి నిలబడింది. "గుడ్లు పురుగులకు కాదా?"

"పురుగులకు గుడ్లెందుకు పెడ్తనే" అన్నాడు చాచా. జీవితంలో మొదటిసారి అతని నోట పురుగులన్న మాట వచ్చింది. "మన కోళ్ళు పెట్టినయి మన కోళ్ళ తిండి ఇచ్చినోల్లకు పోయినయి."

"నాకు ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుండె?"

చాచా చుట్టూ ఉన్న వాడను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"నీకు చెప్తే గొడవల తెలుగుల చెప్తవు ఖమర్."

ముందుగా నవ్వింది ఆజం. తర్వాత రామ్‌సింగ్. ఆ నవ్వు పందిరంతా తిరిగి మంగ్లి దాకా వెళ్ళింది. నవ్వుల మధ్య డ్రమ్ము అడుగున ఎక్కడో సన్నగా ఒక తుంపర మొదలైంది. అన్నీ పోలేదు. కొన్ని ఆ ఇప్పపువ్వు మత్తులోనే పడుకుని, ఇప్పుడు లేచి ఆకలిగా తింటున్నట్టున్నాయి. వీధి చివర కొత్తగూడెం బస్సు హారన్ వినిపించింది. ఆజం కళ్ళు అప్పటికే బరువెక్కుతున్నాయి. అయినా లేచి, చెల్లెలి పెట్టె మీద చెయ్యి వేసి, ఎత్తమంటావా అన్నట్టు చూశాడు.

చాచీ అతని చెయ్యి తీసేసింది. చాచా పక్కన ఉన్న బకెట్టు అందుకుంది. వాడ చివరి దాకా వినపడేలా, ఆగి ఆగి, మంచి తెలుగులో చెప్పింది.

"భాయ్, నువ్వు బస్సెక్కు. రేపటి సంది ఈ బకెట్టు నేను తిప్పుత. ఈయన గడప దాకనే పోతడు. నేనైతే పొయ్యి దాక పోత."